జానెడు పుల్ల, రెండు మిల్లీమీటర్ల పింగాణి

తెల్లవారుజామున మా తాత వేపచెట్టు కింద నిలబడి, చేతికందిన కొమ్మలన్నీ వేళ్లతో తడిమి చూసేవాడు. నా కళ్లకు అన్నీ ఒకే రకం పుల్లలు. ఆయన నాలుగైదు వదిలేసి ఒకదాన్ని విరిచేవాడు. "లేతది తెంపితే నమిలేటప్పటికి పిండి అయితాది. ముదురుదైతే చిగుళ్లకు గుచ్చుకుంటాది. నడిమిది చూసుకోవల్ల" అనేవాడు. లావు ఎంత అంటే చిటికెన వేలు చూపించేవాడు. పొడవు జానెడు. గణుపు తగలకూడదు.

చాలా ఏళ్ల తర్వాత సుశ్రుత సంహితలో పళ్లు తోముకునే పుల్ల గురించి చదివినప్పుడు అదే కొలత కనిపించింది. చిటికెన వేలంత లావు, పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు, గణుపుల్లేని తిన్నని పుల్ల. చేదు చెట్లలో వేప, కారపు చెట్లలో కానుగ మేలని కూడా అందులో ఉంది. ఆ రెండూ అనంతపురం పొలం గట్ల మీద నేటికీ కనిపించే చెట్లే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ కాస్త వానా ముఖం చాటేసి శనక్కాయ చేలు మాడిపోయిన ఏడు కూడా వేప పచ్చగానే ఉంటుంది. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి కరువులోనూ పుల్లకు కొదవ లేదు.

పుల్లను అడ్డంగా కోసి చూస్తే పైన బెరడు, దాని లోపల నార, నార లోపల కొయ్య, నడుమ సన్నని మెత్తని బెండు. బెరడులో వగరూ చేదూ ఉంటాయి. నారలోనూ కొయ్యలోనూ పీచు నిలువునా పరుచుకుని ఉంటుంది. పుల్ల కుంచెగా మారే కిటుకంతా ఆ నిలువు పీచులోనే ఉంది. చివర కొద్ది మేర పైబెరడు ఒలిచి ఉమ్మేసి, ఆ కొసను దవడ పళ్ల మధ్య పెట్టి నమలాలి. కొరకకూడదు. కొరికితే పీచు తెగుతుంది. నొక్కుతూ, పుల్లను వేళ్లతో కొంచెం కొంచెం తిప్పుతూ పోతే పీచును పట్టి ఉంచిన మెత్తని భాగం నలిగి ఊడిపోతుంది, పీచు మాత్రం విడివిడిగా నిలుస్తుంది. రెండు మూడు నిమిషాల్లో కుంచె తయారు. ఏ నోటికి వాడాలో ఆ నోటితోనే తయారయ్యే పనిముట్టు ఇది. కుంచె ఎంత మెత్తబడాలో నమిలేవాళ్ల చిగుళ్లే చెబుతాయి.

ఈ నమలడంలోనే ఇంకో పని కూడా జరుగుతుంది. నోట్లో లాలాజలం ఊరుతుంది. అందులో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు ఉంటుంది, పంటికి తిరిగి చేరే కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. పళ్లు తోమడం మొదలుపెట్టకముందే నోరు సగం సిద్ధమై ఉంటుంది.

తోమే తీరు బ్రష్షుకు వేరు, పుల్లకు వేరు. బ్రష్షులో కుచ్చు పిడికి అడ్డంగా ఉంటుంది. పుల్లలో కుంచె పిడికి వరసలోనే, ఈటెకు మొన ఉన్నట్టు ఉంటుంది. అందుకే ముందుపళ్ల బయటి వైపు పుల్లకు బాగా అనువు. దవడ పళ్ల లోపలి వైపుకు మాత్రం మణికట్టు తిప్పి, పుల్లను వాల్చి, కొసతో ఒక్కో పంటినీ పలకరించాలి. అడ్డంగా రంపంలా లాగకూడదు. పైపళ్లకు చిగురు నుంచి కిందికి, కిందిపళ్లకు చిగురు నుంచి పైకి. పని అయ్యాక పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచి నాలుక గీసుకుంటారు. బద్ద లోపలి అంచు నునుపుగా ఉందో లేదో వేలితో చూసుకోవడం మా తాత ఎప్పుడూ మరిచేవాడు కాదు. ఆ తర్వాత పుల్ల పెరట్లో పడి మట్టిలో కలిసిపోతుంది. అలవాటు ఉన్నచోట ఇలాంటి పుల్లలను ప్రోత్సహించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పింది. ఇంకా పరిశోధన కావాలని 2000లో అంది. రెండూ సబబే. పళ్ల సందుల్లోకి పుల్ల చేరదు, మోటుగా రుద్దితే చిగురు పంటి నుంచి వెనక్కి జరుగుతుంది.

ఇంత శ్రమా దేనికి? పంటిమీద ప్రతిరోజూ సూక్ష్మజీవుల పాచి పొర అల్లుకుంటుంది. నీళ్లు పుక్కిలిస్తే అది పోదు, ఏదైనా వెళ్లి రాచి చెదరగొట్టాల్సిందే. తిన్న తీపిని ఆ పొర ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం పంటి ఖనిజాన్ని కరిగిస్తుంది. పాచిని చెదరగొట్టే పనిలో వేపపుల్ల గట్టి పనివాడు.

పంటి సంగతి ఇంకా అబ్బురం. పైన కనిపించే తెల్లని పొర ఎనామిల్, మన మాటలో పింగాణి. మందంగా ఉన్నచోట కూడా రెండు రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. అందులో 96 శాతం దాకా ఖనిజమే. మన ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. పన్ను చిగురు లోపల ఉండగానే ప్రత్యేకమైన కణాలు మొదట ఒక ప్రొటీను అచ్చు పోసి, అందులో ఖనిజం పేర్చుతాయి. రోజుకు మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగు. ఖనిజం పెరిగేకొద్దీ ప్రొటీనును బయటికి తోడేస్తాయి, స్ఫటికాలు ఒకదానికొకటి ఒత్తుకుని గట్టిపడతాయి. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. కట్టిన మేస్త్రీలు వెళ్లిపోయాక ఇంటికి మరమ్మతు చేసేవాళ్లు లేనట్టే. బిడ్డకు ఎనిమిదేళ్లు వచ్చేలోపు, జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల పింగాణి పని దాదాపు ముగిసిపోతుంది.

అనంతపురం నీటి కథ ఇక్కడే కలుస్తుంది. ఈ పీఠభూమి కింద గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలను ఆనుకుని నీళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. కాల్షియం తక్కువై, క్షారం ఎక్కువైన నీరు ఆ ఫ్లోరైడును కరిగించుకుంటుంది. బోరు లోతుకు వెళ్లిన కొద్దీ రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరే తగిలే అవకాశం ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు పసితనంలో తాగితే, పింగాణి కట్టే కణాలు ప్రొటీనును పూర్తిగా తోడేయలేవు. పైకి పన్ను నిండుగానే ఉంటుంది, లోపల సన్నని బెజ్జాలు మిగిలిపోతాయి. మొదట సుద్దలాంటి తెల్లమచ్చలు వస్తాయి. పన్ను బయటికి వచ్చాక ఆ బెజ్జాల్లోకి రంగు దిగి పసుపు, గోధుమ గీతలవుతాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యలోకం గుర్తించింది తెలుగు నేల మీదనే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో కనిపించిన ఈ జబ్బు గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం ప్రచురించింది.

అంటే ఆ మరక పంటి పైన లేదు, పంటి లోపల ఉంది. ఈ ఒక్క సంగతి తెలియక మా వైపు ఎందరో ఇటుకపొడితో, బొగ్గుతో, ఇసుక కలిసిన బూడిదతో పళ్లు అరగదీసుకున్నారు. ఇటుకలో ఉండే క్వార్ట్జు గట్టిదనం కొలమానంలో 7, పింగాణి 5 దగ్గర. రుద్దిన కొద్దీ పోయేది పింగాణే, మరక కాదు. పెళ్లిచూపుల ముందు ఆడపిల్లలు రక్తం కారేలా రుద్దుకోవడం నేను చూశాను. అవసరమైతే పంటి డాక్టరు పైపొరను అతి పలచగా సవరించి, లేదా పంటిరంగు పూత వేసి ఆ మరక కనపడకుండా చేయగలడు.

అసలు పని బిందె దగ్గర మొదలవ్వాలి. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. నల్గొండ పద్ధతిలో నీటికి తగిన పాళ్లలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి, పది ఇరవై నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచుతారు. పటిక నుంచి పుట్టిన దూదిపింజల్లాంటి మడ్డి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. అందుకే ఈ పనికి వాడే బకెట్టుకు కుళాయి అడుగున పెట్టరు, మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పైకి పెడతారు. మడ్డి కదలకుండా నీళ్లు మాత్రం వస్తాయి. ఆ కొద్దిపాటి ఎత్తు పెట్టాలని ఆలోచించిన వాళ్లకు నా నమస్కారం. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో వందల ఊళ్లకు నీళ్లు తెచ్చింది. అయినా బోరు నీళ్లే తాగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మీ ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే, వాళ్లు తాగే నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలకు పంపి ఫ్లోరైడు ఎంతుందో అడగండి. పెద్ద పిల్లల పళ్ల మీద గోధుమ గీతలు కనిపిస్తే ఇటుకపొడి ఇవాళే పారబోయండి.