అర మిల్లీమీటరు టేకు

ఈ వారం ఒక స్నేహితుడి ఇంట్లో కొత్త భోజనాల బల్ల అంచు లేచిపోయి కనిపించింది. బిల్లులో ‘టేకు’ అనే ఉంది. లేచినచోట వేలు పెట్టి చూస్తే ఆ టేకు మందం అర మిల్లీమీటరు, దాని కింద చెక్కపీచు అదిమి చేసిన ఎండీఎఫ్. గట్టి చెక్క గురించి నా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే కదా, అక్కడే అందుకున్నాను. వీళ్ల తాతగారి మండువా లోగిలి పడగొట్టినప్పుడు బర్మా టేకు దూలాలు, ద్వారబంధాలు పాత కలప కొట్టుకు తోలేశారు. రెండు దూలాలు ఉంచుకుంటే ఈ ఖర్మ పట్టేదా అని దెప్పిపొడిచాను కూడా.

ఇంటికొచ్చాక విశాఖపట్నం గుర్తొచ్చింది. 18వ శతాబ్దంలో మన విశాఖ కంసాలులు ఈస్టిండియా కంపెనీ దొరలకోసం కుర్చీలు, పెట్టెలు, మేజాలు చేసేవారు. మొదట్లో నల్లని చెక్కలో దంతపు లతలు పొదిగేవారు. పోనుపోను గంధపు చెక్క పెట్టెమీద దంతపు రేకులే అతికి, వాటిమీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపారు. కుట్టుసామాను పెట్టెలు కొన్ని అచ్చం ఇల్లులాగే ఉంటాయి, కప్పెత్తితే లోపల అరలు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటిని భద్రంగా దాచుకుంది. (దంతం వ్యాపారం ఇప్పుడు నిషేధం, మంచిదే.) అదీ పైపొర పనే! దాన్ని మోసమని ఎవరన్నారు? పొర పొరేనని కొన్నవాడికి తెలుసు.

పైగా పొరకు న్యాయం ఉంది. వెడల్పాటి గట్టి పలక వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది, బిగించేస్తే పగులుతుంది. ప్లైవుడ్ మీద అతికిన పలుచని చెక్కపొర, అంటే వెనీర్, అంతగా కదలదు. అంగుళం మందం పలకతో ఒక బల్లపైభాగం వస్తుంది. అంతే మందాన్ని అర మిల్లీమీటరు పొరలుగా తీస్తే, లెక్కకు యాభై.

అలాగని పాత దూలాన్ని పొరలు తీయించబోకండి. వెనీర్ తీసే ముందు దుంగను వేడినీళ్లలో నానబెడతారు. ఎండి రాయిలా అయిన దూలంలో విరిగిన మేకులుంటే కత్తి నోరు పోతుంది. రంపంతో కోస్తే పొర ఎంతో పొట్టూ అంత. పాత దూలం చోటు బల్ల కాళ్లలో, చట్రంలో. ఆరాల్సిందంతా ఎప్పుడో ఆరిపోయిన చెక్క అది.

కాబట్టి లోగిలి పడగొట్టేవాళ్లు దూలాలు ఉంచుకోండి, మేకులు పీకించండి, కాళ్లు చేయించండి. పైన నిక్షేపంగా వెనీర్ వేయించండి. అడుగువైపు కూడా వేయమని మేస్త్రికి మరీ మరీ చెప్పండి. ఒకవైపే వేస్తే బల్ల వంగుతుంది. కొనేవాళ్లయితే బిల్లులో ‘టేకు వెనీర్’ అని రాయించుకోండి.