డికెన్స్ లావు కుర్రవాడు: శాస్త్రంలో ఒక నామకరణంపై విమర్శ

సాహిత్యంలోని పాత్రలు శాస్త్రగ్రంథాలలోకి ప్రవేశించడం అరుదుగానైనా జరుగుతూనే ఉంటుంది. అట్లా ప్రవేశించినవారిలో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ సృష్టించిన జో అనే లావు కుర్రవాడొకడు. 1836-37లో నెలనెలా భాగాలుగా వెలువడిన "పిక్‌విక్ పేపర్స్" నవలలో వీడు వార్డిల్ అనే గ్రామీణ గృహస్థు ఇంట నౌకరు. ఆ తరువాత నూటయిరవై ఏళ్ళకు, 1956లో, అమెరికన్ వైద్యులు కొందరు ఒక వ్యాధి లక్షణ సముదాయాన్ని వర్ణిస్తూ దానికి "పిక్‌వికియన్ సిండ్రోమ్" అన్న పేరు వాడారు. ఆ పేరు వైద్యలోకంలో స్థిరపడిపోయింది.

ఈ నామకరణం ఎంతవరకు సమంజసం? దీనివల్ల శాస్త్రానికి ఒనగూడిన లాభమెంత, వాటిల్లిన నష్టమెంత? పైకి చూస్తే ఇది సాహిత్య ప్రియులకు కాలక్షేపంగా పనికివచ్చే ప్రశ్న. కాని దీని జవాబుతో రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేచే పెద్దవాళ్ళ బాధ, పక్క తడిపినందుకు చీవాట్లు తినే పిల్లల బాధ ముడిపడి ఉన్నాయి. అందుకే దీనిని కొంచెం వివరంగా పరిశీలించవలసి ఉంది.

నవలలో ఉన్నదేమిటి?

జో ఎర్రని ముఖం గల స్థూలకాయుడు. తిండి మీద అపారమైన ప్రీతి. బండి మీద కూర్చుంటే నిద్ర, పని చెబితే నిద్ర, వడ్డన మధ్యలో నిద్ర. గురక సరేసరి. నవల చివరి భాగంలో ఒక న్యాయవాది కార్యాలయం తలుపును ఎవరో ఆపకుండా బాదుతూ ఉంటారు. గుమాస్తా తలుపు తీసి చూస్తే జో నిలువునా నిలబడి, కళ్ళు మూసుకొని కనిపిస్తాడు. తలుపు తట్టడం ఆపితే వాడు నిద్రపోతాడని భయపడి, తెరిచేదాకా తడుతూనే ఉండమని యజమాని చెప్పాడట! ఇంకొక చోట వాణ్ణి ఒంటికి నీరుపట్టిన రోగి పేరుతో వేళాకోళంగా పిలుస్తారు. గుండె కుడిభాగం బలహీనపడితే ఒంటికి నీరు పడుతుందని తెలిసిన నేటి వైద్యులు ఈ పిలుపును ప్రత్యేకంగా గమనించారు.

దీనిని బట్టి డికెన్స్ ఈ రోగాన్ని వైద్యులకంటె ముందే కనిపెట్టాడని కొందరంటారు. ఇది అతిశయోక్తి. డికెన్స్ చేసినది పరిశీలన, నిదానం కాదు. ఎర్రని ముఖం, స్థూలకాయం, గురక, పగటి నిద్ర, ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అతని కంటబడింది. ఒకదానికొకటి సంబంధం ఏమిటన్న ప్రశ్న అతనికి రాలేదు. హాస్యరచనలో రావలసిన అవసరమూ లేదు. పైగా కథ కోరినప్పుడు ఈ నిద్రమత్తువాడే మెలకువగా ఉండి, తోటలో టప్‌మన్ ప్రణయాన్ని కళ్ళారా చూసి పెద్దావిడకు చేరవేస్తాడు. జో నిద్ర హాస్యానికి సాధనమే గాని రోగి చరిత్ర కాదు. రచయితను మెచ్చుకోవలసింది అతని కంటి చూపుకు. రోగ నిర్ణయానికి కాదు.

1956 నాటి వ్యాసం

బోస్టన్‌లో బర్వెల్, ఆయన సహచరులు ప్రకటించిన వ్యాసంలోని రోగి ఒక వ్యాపార సంస్థలో పెద్ద ఉద్యోగి, అతి స్థూలకాయుడు. ఒకనాడు పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతిలో పడ్డాయి. అంత మంచి ముక్కలు చేతిలో ఉండగానే అతడు నిద్రలోకి జారిపోయాడు! ఆట పోయిన తరువాత గాని ఆస్పత్రికి వెళ్ళాలని అతనికి తోచలేదు.

వైద్యులు అతని రక్తాన్ని పరీక్షించారు. ఆమ్లజని, అంటే ఆక్సిజన్, తక్కువగా ఉంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంది. కొవ్వు బరువు వల్ల ఊపిరి చాలినంతగా ఆడటంలేదనీ, రక్తంలో పేరుకొన్న బొగ్గుపులుసు వాయువే మత్తు కలిగిస్తున్నదనీ వారు భావించారు. శ్వాస క్రమం తప్పుతూ ఉండటం వారి దృష్టికి రాకపోలేదు. కాని మొత్తం వివరణకు కేంద్రంగా నిలిచినవి రెండే: లావు, పగటి నిద్ర. ఈ రెండూ డికెన్స్ వర్ణించినవే. ప్రకృతిని చూడవలసిన కన్ను కొంతవరకు నవలనే చూసిందనడం తప్పుకాదు.

రోగి రాత్రి ఎట్లా నిద్రపోతున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు 1965లో వచ్చింది. ఫ్రాన్సులో మార్సెయ్ నగరంలో గాస్తో బృందం, జర్మనీలో ఫ్రైబుర్గ్‌లో యుంగ్, కూలో అనేవారు వేరువేరుగా ఇట్లాంటి రోగుల నిద్రను యంత్రాలతో రాత్రంతా నమోదు చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికి ఆగిపోతున్నదనీ, ఆగిన ప్రతిసారీ మెదడు క్షణకాలం మేలుకొంటున్నదనీ తేలింది. రోగి ఎక్కువ నిద్రపోవడంలేదు. అతనికి అసలు నిద్రే చాలడంలేదు! పగటి మత్తు రాత్రి నష్టానికి ఫలితం.

గురకకూ మూత్రానికీ సంబంధమేమిటి?

ఇప్పుడు మన ముఖ్య విషయానికి వద్దాం. ముక్కు, నోరు మూసుకొని ఒక్క క్షణం గాలి పీల్చబోయి చూడండి. ఉదరవితానం కిందికి లాగుతుంది, పక్కటెముకలు లేస్తాయి, గాలి మాత్రం లోపలికి రాదు. ఛాతీలో పీడనం బాగా పడిపోతుంది. గొంతు మూసుకుపోయిన నిద్రితుడు రాత్రంతా చేస్తున్నది ఈ పనే. పీడనం తగ్గిన ఛాతీలోకి సిరల నుంచి రక్తం ఎక్కువగా వచ్చి గుండె కర్ణికలను సాగదీస్తుంది. ఆమ్లజని తగ్గడంవల్ల ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకొని, గుండె కుడిభాగానికి భారం ఇంకా పెరుగుతుంది.

కర్ణిక సాగితే ఏమవుతుంది? శరీరంలో నీరు, ఉప్పు ఎక్కువయ్యాయని గుండెకు అందే సంకేతం అది. అప్పుడు కర్ణికలు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. దాని పేరు ఏట్రియల్ నాట్రియురెటిక్ పెప్టైడ్. అది మూత్రపిండాలను చేరి, సోడియంను, దానితోపాటు నీటిని బయటికి పంపమంటుంది. నిజానికి శరీరంలో నీరు ఎక్కువ కాలేదు. మూసుకుపోయిన గొంతు వల్ల గుండెకు తప్పుడు సమాచారం అందింది. మామూలుగా రాత్రిపూట మూత్రం తయారీ తగ్గవలసి ఉండగా, వీరిలో అది పెరుగుతుంది. మూత్రాశయం త్వరగా నిండుతుంది. పైగా నిద్ర మాటిమాటికి చెదరడంవల్ల, గాఢనిద్రలో తెలియకుండా పోయే కొద్దిపాటి ఒత్తిడి కూడా తెలుస్తుంది. అంటే ఇక్కడ కారణాలు రెండు: మూత్రం ఎక్కువ కావడం ఒకటి, మెలకువ ఎక్కువ కావడం రెండవది.

విశేషమేమంటే, ఈ గొలుసులోని లంకెలు కొన్ని 1956 నాటికే బయటపడ్డాయి. ఛాతీలో పీడనం తగ్గేటట్లు ఊపిరి పీల్పిస్తే మూత్రం పెరుగుతుందని గావర్, హెన్రీ ప్రభృతులు 1954లో చూపించారు. కుక్కల గుండెలో ఎడమ కర్ణికను బుడగతో సాగదీస్తే మూత్ర ప్రవాహం హెచ్చుతుందని హెన్రీ, గావర్, రీవ్స్ 1956లో ప్రకటించారు. అదే సంవత్సరం కిష్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గినీ పంది కర్ణికల కణాలలో గ్రంథికణాలలో ఉండే రేణువుల వంటివాటిని చూశారు. పిక్‌విక్ పేరు స్థిరపడిన సంవత్సరమూ అదే! కాని ఒకరు చూసింది మత్తు, ఒకరు చూసింది మూత్రం, ఒకరు చూసింది కణం. ఈ మూడింటినీ ఒకచోట చేర్చినవారు లేరు.

1981లో కెనడాలోని కింగ్‌స్టన్ నగరంలో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుకల కర్ణికల సారాన్ని ఇతర ఎలుకలకు ఎక్కించగా, కొద్ది నిమిషాలలోనే వాటి మూత్రంలో సోడియం, నీరు ఎన్నోరెట్లు పెరిగాయి. గుండె కేవలం పంపు కాదు, హార్మోను గ్రంథి కూడా అని తేలింది. అదే 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సలివన్ బృందం ముక్కుకు తొడిగిన ముసుగు ద్వారా కొద్దిపాటి పీడనంతో గాలి పంపి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా చేయవచ్చునని చూపింది. సీపాప్ అన్న పేరుతో నేడు వాడుకలో ఉన్న చికిత్స ఇదే.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. రెండు లక్షణాలు ఒకే మనిషిలో ఉన్నంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. వయసు ముదిరినకొద్దీ గురకా ఎక్కువవుతుంది, రాత్రి మూత్రమూ ఎక్కువవుతుంది. రెండింటికీ ముదిమే కారణం కావచ్చు గదా! ఈ సందేహం తీరాలంటే ఒకదాన్ని తొలగించి రెండవది ఏమవుతుందో చూడాలి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో క్రీగర్ ప్రభృతులు 1980లలో అదే చేశారు. గాలి ముసుగు తొడిగిన రాత్రి రోగుల మూత్రమూ, అందులోని సోడియమూ తగ్గాయి. మూత్రానికి ఏ మందూ ఇవ్వలేదు. ఊపిరిని మాత్రమే సరిచేశారు. కార్యకారణ సంబంధానికి ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

రోగి మాటను ఎంతవరకు నమ్మాలన్నది ఇంకొక సంగతి. 1996లో ప్రెస్‌మన్ ప్రభృతులు, మూత్రం వచ్చి మేలుకొన్నామని చెప్పినవారి నిద్ర నమోదులను పరీక్షించారు. ఆ మెలకువలలో ఎక్కువ భాగానికి ముందు జరిగింది శ్వాస ఆగడం వంటి నిద్రలోని అవాంతరమే. ఊపిరి ఆగి మేలుకొన్న మనిషికి ఊపిరి సంగతి గుర్తుండదు; మూత్రాశయం మాత్రం తెలుస్తుంది. అందుకే అతడు వైద్యుని దగ్గర గురక మాట ఎత్తడు, మూత్రం మాటే చెబుతాడు.

పేరు వల్ల జరిగిన నష్టం

ఇప్పుడు మన తీర్పు చెప్పవచ్చు. "పిక్‌వికియన్" అన్న పేరు వైద్యులకు సులభంగా గుర్తుండిపోయింది. మరుగున ఉన్న రోగులను వెలుగులోకి తెచ్చింది. ఇది లాభం. నష్టాలు మూడు. మొదటిది, ఈ జబ్బు లావైనవారికే వస్తుందన్న అభిప్రాయం బలపడింది. బరువు ముఖ్య కారణమే గాని, చిన్న దవడ, ఇరుకైన గొంతు, పెరిగిన టాన్సిల్స్ ఉన్న సన్నని మనుషులకూ ఇది వస్తుంది. రెండవది, చూపంతా పగటి నిద్ర మీదికి పోయింది. రాత్రి జరిగేది మరుగున పడింది. మూడవది, రోగి నవ్వులాటకు పాత్రుడయ్యాడు. హాస్యపాత్ర పేరు తగిలించిన మనిషి బాధ వినడానికి ముందే మన పెదవులపై చిరునవ్వు వస్తుంది. నేటి వైద్యులు నిద్రలో శ్వాస ఆగే జబ్బునూ, స్థూలకాయంవల్ల ఊపిరి చాలని జబ్బునూ వేరువేరు పేర్లతో పిలుస్తున్నారు. ఈ మార్పు మెచ్చదగినది.

మన కుంభకర్ణులు

డికెన్స్‌ను విమర్శించే ముందు మన మాటలనూ ఒకసారి చూసుకోవాలి. తరగతిలో తూగే కుర్రవాణ్ణి మనం కుంభకర్ణుడంటాం. గుర్రుపెట్టేవాణ్ణి చూసి హాయిగా నిద్రపోతున్నాడంటాం. రామాయణంలో కుంభకర్ణుని నిద్రకు బ్రహ్మ వరం కారణం. మన బడి పిల్లవాడి నిద్రకు కారణం గొంతులో పెరిగిన టాన్సిల్స్, ముక్కు వెనుక పెరిగిన ఎడినాయిడ్స్ కావచ్చు. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో గిమినో ప్రభృతులు ఎనిమిదిమంది పిల్లలను పరీక్షించి చెప్పినది ఉపాధ్యాయులు చదవదగినది. పెద్ద గురక, మధ్యమధ్య ఊపిరి ఆగడంతోపాటు పగటి మత్తు, చదువులో వెనుకబాటు, విపరీతమైన ప్రవర్తన, కొత్తగా పక్క తడపడం, ఉదయపు తలనొప్పి వంటివి కనిపిస్తే ఈ జబ్బును శంకించాలని వారన్నారు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసివేసిన తరువాత పక్క తడపడం మానిన పిల్లలు చాలామంది ఉన్నారు. దండన వల్ల మానినవారిని గురించి శాస్త్రం అట్లా చెప్పలేదు.

అయితే రాత్రి మూత్రమంతా గురకవల్లనే అని అనుకోవడం ఇంకొక తప్పు. మధుమేహం, ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల, గుండెజబ్బు, మూత్రాశయ వ్యాధులు, మూత్రాన్ని పెంచే మందులు, పొద్దుపోయాక తాగే కాఫీ, ఇవన్నీ కారణాలే. తేడా తెలుసుకోవడానికి ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. మూడు రోజులపాటు ప్రతిసారీ మూత్రాన్ని కొలపాత్రలో కొలిచి, వేళతో సహా రాసి ఉంచాలి. రాత్రి పరిమాణంలో ఉదయం లేచిన వెంటనే పోసినదాన్నీ కలపాలి. మొత్తంలో రాత్రి భాగం వృద్ధులలో మూడవ వంతుకు, యువకులలో అయిదవ వంతుకు మించితే రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతున్నదని అర్థం. అట్లాకాక కొద్దికొద్దిగా అనేకసార్లు వస్తూ ఉంటే దోషం మూత్రాశయంలో ఉండవచ్చు. ఈ లెక్కతోపాటు, గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నదా అన్నది పక్కన పడుకొన్నవారు గమనించి వైద్యునికి చెప్పాలి. రోగికి అది తెలియదు గనక వారి సాక్ష్యం ఎంతో విలువైనది.

పిక్‌విక్ నవలను విద్యార్థులు తప్పక చదవాలి. జో చేష్టలకు నవ్వుకోవాలి. నవల నవ్వించడానికే పుట్టింది. కాని మన ఇంటి ముసలాయన రాత్రి నాలుగోసారి లేచినప్పుడు వయసైపోయిందని ఊరుకోకుండా, మన తరగతిలో కుర్రవాడు బల్ల మీద తల వాల్చినప్పుడు పేరు పెట్టి గేలి చేయకుండా, రాత్రి నీ ఊపిరి ఎట్లా ఆడుతున్నదని అడగగలిగితే, ఆ నవలకు శాస్త్రం రాసుకొన్న వ్యాఖ్యానం సార్థకమైనట్లే.