పట్టు కోసం ఎంత తీపి?

పెన్సిల్వేనియాలో అక్టోబరు వచ్చిందంటే ఆపిల్ కోతలు ముమ్మరంగా సాగుతుంటాయి. గెటిస్‌బర్గ్‌కు ఉత్తరాన ఆడమ్స్ కౌంటీ కొండవాలుల్లో ఏ తోట చూసినా నిచ్చెనలు, చెక్కపెట్టెలే. రోడ్డు పక్కన వేసిన షెడ్లలో స్టేమన్, జోనథన్, యార్క్ రకాలు విడివిడిగా పోసి అమ్ముతారు. యార్క్ ఆపిల్ ఈ ప్రాంతంలోనే పుట్టింది. ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది, అందంలో మిగతావాటికి తీసికట్టే. వండితే మాత్రం దాని రుచే వేరు. ఈ నెలలో మా వంటింట్లో తప్పకుండా జరిగే పని గ్రానోలా బార్లు చేయడం. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లల స్కూలు సంచిలో, సాకర్ ఆటకు వెళ్లే సంచిలో, ఆఫీసు సొరుగులో ఈ బార్లు లేని రోజుండదు. దాదాపు అన్నీ కొన్నవే. ఇంట్లో ఎందుకు చేసుకోవాలో, చేసుకుంటే ఏం తెలుస్తుందో ఈ వారం చెప్పాలనిపించింది.

గ్రానోలా బార్‌లో ఉండేవి రెండే: పొడి సరుకు, దాన్ని కలిపి పట్టి ఉంచే జిగురు. ఓట్స్, గింజలు, పప్పులు పొడి సరుకు. జిగురు ఎక్కువగా చక్కెర పాకమో, తేనో, కార్న్ సిరప్పో. మన పల్లీ పట్టీ తెలిసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. వేయించిన పల్లీలు తమంతట తాము అంటుకోవు. బెల్లం పాకం వాటిని పట్టుకుంటుంది. పాకం లేతదైతే పట్టీ సాగుతుంది, ముదిరితే టప్పున విరుగుతుంది. బార్ల విషయంలోనూ అంతే. పాకాన్ని ఉండ పాకం దాటనిస్తే గట్టిబడుతుంది, అంతకు ముందే దించితే మెత్తగా నమలవచ్చు.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆరోగ్యం కోసమని తీపి తగ్గిస్తే ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. ముక్క నిలవాలని పాకం పెంచితే అది మిఠాయి అవుతుంది. ఎంత తక్కువ తీపితో పట్టు నిలుస్తుంది అన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న. నాకు ఈ వంట మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం కూడా అదే.

గ్రానోలా పుట్టినప్పుడు ఈ ప్రశ్న లేదు. 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో ఆరోగ్య కేంద్రం నడిపిన జేమ్స్ కేలబ్ జాక్సన్ పొట్టు తీయని గోధుమపిండిని గట్టిగా కాల్చి, ముక్కలు చేసి, మళ్లీ కాల్చి తన దగ్గరికి వచ్చేవారికి పెట్టాడు. రాత్రంతా నానితే తప్ప దాన్ని కొరకడం కష్టం. దానికాయన గ్రాన్యులా అని పేరు పెట్టాడు. తర్వాత మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో జాన్ హార్వే కెల్లాగ్ అలాంటిదే చేసి అదే పేరు పెట్టాడు; వివాదం రావడంతో దాన్ని గ్రానోలాగా మార్చాడు. అది గిన్నెలో పోసుకుని తినే వస్తువు, అతుక్కోవాల్సిన అవసరం లేదు. 1960లలో సహజ ఆహారం కోరుకున్న యువతరం ఓట్స్‌కు తేనె, నూనె కలిపి వేయించి దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చింది. 1975లో జనరల్ మిల్స్ సంస్థ నేచర్ వ్యాలీ పేరుతో గ్రానోలా బార్‌ను అమ్మకానికి పెట్టింది. గిన్నెలోని ఫలహారం చేతిలోకి రావాలంటే ఏదో ఒకటి దాన్ని పట్టి ఉంచాలి. ఆ పని చక్కెర చేసింది.

ఇప్పుడు ఆ చక్కెర లెక్క అట్ట మీదే కనిపిస్తుంది. విడిగా కలిపిన చక్కెర ఎంతో వేరుగా చూపాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో నిబంధన తెచ్చింది; పెద్ద కంపెనీలకు అది 2020 జనవరి నుంచి వర్తించింది. రోజుకు కలిపిన చక్కెర ఆడవాళ్లకు 25 గ్రాములు, మగవాళ్లకు 36 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. తేనె వాడాం, మేపుల్ సిరప్ వాడాం, బెల్లం వాడాం కాబట్టి ఫరవాలేదు అనుకోవడం మన ఇళ్లలో మామూలు. ఆ మూడింటి రుచి వేరు, సువాసన వేరు. ఒంట్లోకి వెళ్లాక మాత్రం మూడూ చక్కెర కిందికే వస్తాయి. కాబట్టి పేరు మార్చితే సరిపోదు, పరిమాణం తగ్గాలి.

మరి పట్టు ఎక్కడి నుంచి రావాలి? శరదృతువు పండ్లే ఇవ్వగలవు. ఆపిల్‌లో పెక్టిన్ మెండుగా ఉంటుంది. జామ్ గడ్డకట్టడానికి కారణమైన పదార్థం అదే. తొక్కలోను, గింజలుండే నడిమి భాగంలోను మరీ ఎక్కువ. బాగా మగ్గిన తీపి పండ్లకంటే పులుపు మిగిలిన పండ్లలో అది బలంగా ఉంటుంది. పెక్టిన్ బిగియాలంటే పులుపు ఉండాలి, నీరు తగ్గాలి, పండులోని చక్కెర చిక్కబడాలి. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికిస్తే ఆ మూడూ ఒక్కచోటికి వస్తాయి. పెన్సిల్వేనియా డచ్ వాళ్లు తరతరాలుగా చేసేది ఇదే. జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వలస వచ్చిన ఆ కుటుంబాలు కోతల కాలంలో ఆరుబయట రాగి డేగిసాలు పొయ్యికెక్కించి, పొడవాటి కర్ర గరిటెలతో వంతులవారీగా కలుపుతూ ఆపిల్ బటర్ చేసేవారు. ఇందులో వెన్న ఉండదు. ఆపిల్ గుజ్జు నల్లబడేదాకా ఉడికి, రొట్టెకు రాసుకునేంత చిక్కబడితే దాన్ని అలా అంటారు. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ చర్చి వాళ్లంతా కలిసి చేస్తారు.

నా పద్ధతి చెబుతాను. రెండు కిలోల పుల్లటి ఆపిల్స్ కడిగి, తొక్కతో, నడిమి భాగంతో సహా కోసి, గుప్పెడు పచ్చి క్రాన్‌బెర్రీలు, కాసిన్ని నీళ్లు చేర్చి ఉడికించాలి. మెత్తబడ్డాక జల్లెడలో వేసి రుద్దితే తొక్కలు, గింజలు పైన నిలిచిపోతాయి, గుజ్జు కిందికి దిగుతుంది. ఆ గుజ్జును మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద ఉంచి, అడుగంటకుండా కలుపుతూ పరిమాణం మూడో వంతుకు దిగేదాకా ఉడికించాలి. చల్లటి పళ్లెం మీద ఒక చెంచా వేసి చూడండి. చుట్టూ నీటి ఊట రాకపోతే సిద్ధమైనట్టే. క్రాన్‌బెర్రీలు కూడా ఈ కాలపు పంటే. విస్కాన్సిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు మొదలుదాకా మడుల్లో నీళ్లు నింపి, లోపల గాలి గదులుండటం వల్ల పైకి తేలిన కాయల్ని పోగుచేస్తారు. ప్యాకెట్లలో దొరికే ఎండు క్రాన్‌బెర్రీలకు పులుపు విరగడానికి చక్కెర బాగా పట్టిస్తారు. పచ్చివి గుజ్జులోనే ఉడికిస్తే ఆ బాధ లేదు. పైగా పులుపు, పెక్టిన్ రెండూ కలిసొస్తాయి.

తర్వాతి పని ఓట్స్‌ది. రెండు కప్పుల రోల్డ్ ఓట్స్ ఓవెన్‌లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఈ మెట్టు దాటేస్తే బార్‌కు పచ్చి పిండి రుచి వస్తుంది. అందులో పావు వంతు తీసి మిక్సీలో పొడి చేసుకోవాలి. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, ఓట్స్ జావకు జిగురునిచ్చేది అదే. రోజుకు 3 గ్రాముల చొప్పున అది ఒంట్లోకి వెళితే గుండె జబ్బుల ముప్పు తగ్గవచ్చన్న మాటను అట్ట మీద వేసుకోవడానికి 1997లో ఇక్కడి నియంత్రణ సంస్థ అనుమతించింది. గుండెకు మేలు చేసేదే మన ముక్కకు పట్టూ ఇస్తుంది. చక్కెర తగ్గించిన చోట ఈ పొడి నిలబడుతుంది.

గింజల్లో ముప్పావు కప్పు పీకాన్లు, పావు కప్పు గుమ్మడి గింజలు వేయించి, పీకాన్లను చేత్తో విరిచి కలుపుతాను. పీకాన్ ఉత్తర అమెరికా నేల మీద పుట్టిన చెట్టు. 1840లలో లూసియానాలోని ఓక్ ఆలీ తోటలో ఆంత్వాన్ అనే తోటమాలి అంటు కట్టి, పలచటి పెంకు ఉన్న మేలురకం పీకాన్ చెట్లను పెంచాడు. ఆయన బానిస. ఈనాటి పీకాన్ తోటల వెనక ఆ చేతి నేర్పు ఉంది. గుప్పెడు పీకాన్లు విరిచినప్పుడల్లా ఆయన పేరు తలుచుకోవాలనిపిస్తుంది. స్కూల్లో నట్స్ నిషిద్ధమైతే పీకాన్ల బదులు పొద్దుతిరుగుడు గింజలు వేయండి, రుచికి లోటుండదు.

ఇక సుగంధాలు. దాల్చిన చెక్క ఒక చెంచా, శొంఠి అర చెంచా, జాజికాయ చిటికెడు, లవంగం పొడి అంతకంటే తక్కువ. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమ్మన్స్ వంట పుస్తకంలోనే గుమ్మడి పుడ్డింగుకు జాపత్రి, జాజికాయ, అల్లం చెప్పి ఉన్నాయి. 1934లో మెకార్మిక్ సంస్థ ఇలాంటి సుగంధాలను కలిపి ఒకే డబ్బాలో అమ్మింది. ఆ వాసన వస్తే చాలు, ఇక్కడివాళ్లకు ఆకులు రాలే కాలం గుర్తొస్తుంది. ఈ దినుసులు మన పోపుల డబ్బా పక్కన ఎప్పుడూ ఉండేవే కాబట్టి అప్పటికప్పుడు దంచుకోవడం మనకు తేలిక. దాల్చిన చెక్క, జాజికాయ నాలుకకు తీపి ఉన్న భావన కలిగిస్తాయి, సిరప్ తగ్గించిన లోటు తెలియనివ్వవు. ఉప్పు పావు చెంచా మరవద్దు.

ముప్పావు కప్పు ఆపిల్ బటర్, పావు కప్పు పల్లీల ముద్ద (నిషేధమున్న స్కూలుకైతే పొద్దుతిరుగుడు గింజల ముద్ద), రెండు టేబుల్ స్పూన్ల మేపుల్ సిరప్ కొద్దిగా వేడిచేసి పొడి సరుకులో కలపాలి. ఎనిమిది అంగుళాల చదరపు పళ్లెంలో కాగితం పరిచి, మిశ్రమం వేసి, గిన్నె అడుగుతో బలంగా అదమాలి. చేతి బలం చూపాల్సింది ఇక్కడే. గాలి సందులు మిగిలితే ముక్క అక్కడే విరుగుతుంది. 325 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 163 డిగ్రీల సెల్సియస్ వేడిలో అంచులు ఎర్రబడేదాకా, దాదాపు అరగంట కాల్చాలి. పూర్తిగా చల్లారాకే పన్నెండు ముక్కలు కోయాలి. వేడి మీద పెక్టిన్ వదులుగా ఉంటుంది, చల్లారుతూ బిగుస్తుంది. ఆగడం కూడా ఈ వంటలో ఒక దినుసే.

లెక్క చూద్దాం. రెండు టేబుల్ స్పూన్ల సిరప్‌లో చక్కెర సుమారు 25 గ్రాములు. పన్నెండుకు పంచితే ముక్కకు రెండు గ్రాములు. ఆపిల్ బటర్‌లోనూ చక్కెర ఉంది, కాదనను. అది పండు వెంట పీచుతో కలిసి వచ్చింది. ఇంకో నిజం కూడా చెప్పాలి. చక్కెర తీపినీ పట్టునూ ఇవ్వడంతో ఆగదు, నీటిని బంధించి నిల్వా ఇస్తుంది. కొన్న బార్ నెలల తరబడి అలమారలో ఉండగలగడంలో దాని పాత్ర చాలా ఉంది. మన బార్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినేయాలి, లేదా ఫ్రీజర్‌లో దాచాలి. తీపి తగ్గించాలంటే మళ్లీ మళ్లీ చేసుకునే ఓపిక పెంచుకోవాలి. ఆరోగ్యకరమైన తిండి అని మనం దేన్నంటున్నామో, అందులో సగం ఈ ఓపికే అని నా నమ్మకం.

గుంటూరులోనో వరంగల్‌లోనో ఉండి ఇది చదువుతున్నవారు క్రాన్‌బెర్రీల కోసం సూపర్ మార్కెట్‌కు పరుగెత్తనక్కర్లేదు. ఆపిల్‌కు ఉన్న గుణం మన జామకూ ఉంది. జామలోనూ పెక్టిన్ పుష్కలం. చలికాలంలో దోరజామకాయలు ఉడికించి, గింజలు వడకట్టి, గుజ్జు చిక్కబరిచి, వేయించిన జొన్న అటుకులు, నువ్వులు, పల్లీలతో అదిమి చూడండి. శొంఠి, యాలకుల పొడి తగిలించండి. బెల్లం ఒక్క చెంచాతో మొదలుపెట్టండి, ముక్క నిలవకపోతేనే ఇంకో చెంచా వేయండి. ఎంత తీపి కావాలో అట్ట మీది అంకె కాకుండా మీ చేతికి అందిన పండు, మీ నాలుక కలిసి తేల్చాలి. ఆ నిర్ణయం ఇంటికి తిరిగి రావడం కోసమైనా ఈ వంట నేర్చుకోవాలి, పిల్లలకు నేర్పాలి.