క్షారత: ఒక మాట, రెండు అర్థాలు

రసాయనశాస్త్రంలో 'నీటి కాఠిన్యత' పాఠం చదవని విద్యార్థి ఉండడు. సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లని పొలుసు కడుతుంది, బాయిలరు గొట్టాలు పూడుకుపోతాయి. కాచితే పోయేది తాత్కాలిక కాఠిన్యత, కాచినా పోనిది శాశ్వత కాఠిన్యత. పరీక్షలో మార్కులకు ఇంతవరకు చాలు. కాని ఈ పాఠాన్నే నమ్ముకొని ఇంట్లో ఒక గాజు తొట్టెలో సముద్రపు నీటిని, అందులో జీవులను నిలబెట్టాలని చూస్తే చాలదు. ఎందుకు చాలదో, లోపం పాఠంలో ఎక్కడ ఉందో పరిశీలిద్దాం.

ఈ పరిశీలనకు ఖరగ్‌పూర్ తగిన చోటు. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ జంక్షన్‌ను, ఆ తరువాత పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే, ఆ నిర్ణయం వెనుక ఈ ఊరి తెలుగువారి చిరకాల కోరిక ఉంది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ తాతల తరానికి నీటిలోని సున్నం బద్ధశత్రువు. మనవల తరంలో ఎవరైనా పగడాల తొట్టె గురించి చదివితే, అక్కడ అదే సున్నం ప్రాణాధారమని తెలుస్తుంది. రెండు చోట్లా జరిగే రసాయన చర్య ఒక్కటే. మన పాఠం మొదటి దానిని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది.

బాయిలరు నేర్పిన పాఠం

నీటిలో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బొనేట్ కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గడ్డకడతాయి. కార్బన్ డయాక్సైడ్, నీరు విడుదలవుతాయి. బాయిలరులో ఈ చర్యను జరిపించేది వేడి. గడ్డకట్టిన పొలుసు వేడిని సరిగా ప్రసరింపనివ్వదు. బొగ్గు వృథా అవుతుంది, ఇనుప రేకు మితిమీరి కాలిపోతుంది. 1841లో థామస్ క్లార్క్ అనే స్కాట్లాండు రసాయన శాస్త్రవేత్త దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు: నీటిలోని సున్నాన్ని తీయడానికి మరికొంత సున్నం కలపడం! ముల్లును ముల్లుతోనే తీయడమన్నమాట. కలిపిన సున్నం బైకార్బొనేట్‌ను కార్బొనేట్‌గా మార్చి, మొత్తం సున్నాన్ని అడుగుకు దింపుతుంది. శాశ్వత కాఠిన్యతకు చాకలి సోడా తోడయింది. 1940లలో ఫ్రెంచి రైల్వేలలో లూయీ ఆర్మాండ్ ఇంజను నీటిలోనే మందులు మోతాదుగా కలిపే పద్ధతిని పెంపొందించాడు.

ఇంతవరకు కొన్ని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చెప్పని రెండవ సగం ఇది: సోడా ఎక్కువైతే బాయిలరు నీరు నురగలెత్తి, ఆవిరితో పాటు సిలిండరులోకి పోతుంది. క్షారం రివెట్ల సందులలో గాఢత పెంచుకొని ఇనుమును పెళుసు చేస్తుంది. తక్కువైతే పొలుసు, ఎక్కువైతే నురగ, పగులు. కనుక బాయిలరు నీటిని పరీక్షించి, లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారమే మందు కలపాలి. మన పాఠం 'కలపాలి' అంటుంది గాని 'కొలవాలి' అని గట్టిగా అనదు. ఇది మొదటి విమర్శ.

రెండు భావాలకు ఒకే పేరు

రెండవ లోపం మరింత లోతైనది. అది భాషలోనే ఉంది. తెలుగు పుస్తకాలలో 'క్షారత' అన్న మాటను రెండు వేర్వేరు సంగతులకు వాడుతున్నారు. పి.హెచ్. విలువ 7 కంటె ఎక్కువగా ఉండటం ఒకటి. ఆమ్లాన్ని ఎంతవరకు తట్టుకొని తటస్థం చేయగలదన్న సామర్థ్యం రెండవది. మొదటిది ఒక క్షణంలో నీటి స్థితి. రెండవది నీటిలో ఉన్న నిలవ.

తేడా ఎంతటిదో ఒక లెక్క చూడండి. లీటరు శుద్ధ జలంలో 4 మిల్లీగ్రాముల కాస్టిక్ సోడా కలిపితే, అప్పటికప్పుడు పి.హెచ్. 10 దాకా పోతుంది. మరో లీటరులో 200 మిల్లీగ్రాముల వంటసోడా కలిపితే పి.హెచ్. 8.3 దగ్గర ఉంటుంది. పి.హెచ్. చూస్తే మొదటిదే 'క్షారం'. కాని దానిని తటస్థం చేయడానికి 0.1 మిల్లీ ఈక్వివలెంటు ఆమ్లం చాలు. వంటసోడా నీటికి సుమారు 2.4 కావాలి, అంటే 24 రెట్లు! ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే విద్యార్థి తికమకపడక ఏం చేస్తాడు? రెండవ భావానికి 'ఆమ్ల నిరోధక శక్తి' వంటి వేరే మాట వాడితే ఎంతో మేలు. ఈ వ్యాసంలో మాత్రం అలవాటైన 'క్షారత'నే ఆ రెండవ అర్థంలో వాడుతున్నాను.

కాఠిన్యత విషయంలోనూ ఇదే గందరగోళం. మంచినీటిలో తాత్కాలిక కాఠిన్యత, క్షారత తరచు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే జర్మనులు క్షారతకు 'కార్బొనేట్ కాఠిన్యత' అని పేరు పెట్టారు. అక్వేరియం పరీక్ష పెట్టెలపై నేటికీ ఆ జర్మన్ డిగ్రీలే కనిపిస్తాయి. సముద్రపు నీటికి వస్తే ఈ పేరు దారి తప్పిస్తుంది. సముద్రపు నీటి మొత్తం కాఠిన్యత, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కిస్తే, లీటరుకు సుమారు 6,300 మిల్లీగ్రాములు. క్షారత 115 మిల్లీగ్రాములే. అంటే 2.3 మిల్లీ ఈక్వివలెంట్లు, లేక 6.4 జర్మన్ డిగ్రీలు. కాల్షియం కావలసినంత ఉంది, దానితో జతకట్టే బైకార్బొనేటే తక్కువ.

పగడం తన అస్థిపంజరాన్ని నిర్మించుకొనేటప్పుడు ఈ రెండూ ఖర్చవుతాయి. క్షారత ఒక డిగ్రీ తగ్గేసరికి కాల్షియం లీటరుకు 7 మిల్లీగ్రాములే తగ్గుతుంది. 410లో 7 పోతే లెక్కకు రాదు. ఆరున్నరలో ఒకటి పోతే పెద్ద దెబ్బ. సముద్రానికి ఈ నష్టం తెలియదు, తొట్టెకు రెండు మూడు రోజులలో తెలుస్తుంది. అందుకే తొట్టెలో ముందుగా, తరచుగా కొలవవలసింది క్షారతనే.

పి.హెచ్. వెంట పరుగు

ఈ తేడా తెలియకపోతే ఏం జరుగుతుంది? చలికాలంలో ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న క్వార్టరు ఊహించుకోండి. తలుపులు మూసి ఉన్నాయి, లోపల నలుగురు మనుషులు. వారి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గదిలో పెరిగి తొట్టె నీటిలో కరుగుతుంది. పి.హెచ్. దిగుతుంది. క్షారత మాత్రం మారదు. కార్బన్ డయాక్సైడ్ కరిగినంత మాత్రాన క్షారత తరగదు, పెరగదు. పాఠం చదివిన విద్యార్థి 'క్షారత తగ్గింది' అనుకొని వంటసోడా వేస్తాడు. వంటసోడా సముద్రపు నీటి పి.హెచ్.ను వెంటనే పెంచదు, కాస్త తగ్గిస్తుంది కూడా. మరికొంత వేస్తాడు. చివరికి క్షారత మితిమీరి, హీటరు కడ్డీ మీద, పంపు లోపల తెల్లని పొలుసు కడుతుంది. తాతగారి బాయిలరులోని పొలుసే! అతని తొట్టెకు కావలసిన మందు సోడా కాదు, తెరచిన కిటికీ.

అభిరుచి పుస్తకాలలోని మోతాదు పట్టికలకూ ఇదే విమర్శ వర్తిస్తుంది. 'ఇన్ని లీటర్లకు రోజుకు ఇంత' అని అవి చెబుతాయి. కాని ఖర్చు తొట్టె సైజును బట్టి ఉండదు. అందులో సున్నం పేర్చుకొనే జీవులు ఎన్ని, ఎంత వేగంగా పెరుగుతున్నాయి అన్నదానిని బట్టి ఉంటుంది. సరైన పద్ధతి ఇది. 200 లీటర్ల తొట్టెలో రాళ్లు, ఇసుక పోగా నీరు 160 లీటర్లు అనుకోండి. మందు వేయకుండా మూడు రోజులలో క్షారత 8 నుంచి 6.5 డిగ్రీలకు దిగింది. అంటే రోజుకు అర డిగ్రీ. ఒక డిగ్రీ 0.357 మిల్లీ ఈక్వివలెంటు కనుక, 160 లీటర్లకు రోజుకు దాదాపు 28.6 మిల్లీ ఈక్వివలెంట్లు కావాలి. వంటసోడా తుల్యభారం 84. కావలసింది 2.4 గ్రాములు. దానికి జతగా స్ఫటిక కాల్షియం క్లోరైడ్ 2.1 గ్రాములు. రెండింటినీ ఒకే సీసాలో కలిపితే సీసాలోనే సున్నం దిగిపోతుంది కాబట్టి విడివిడిగా వేయాలి. పెట్టె మీది 200 లీటర్లను నమ్మితే రోజూ నాలుగో వంతు ఎక్కువ పడుతుంది. లెక్కకు నెలలో దాదాపు నాలుగు డిగ్రీలు పేరుకుంటుంది. తప్పు చిన్నదే, రోజూ చేసే తప్పు చిన్నది కాదు.

ఆ పుస్తకాలలో మరో లోపం ఉంది. అవి ఇతర దేశాలలో రాసినవి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో గట్టి పగడాలను 2001లో చేర్చారు. సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఆదివారం సంతలో అలంకార చేపలు దొరికినట్లు పగడాన్ని కొనడం కుదరదు, కొనకూడదు కూడా. ఖరగ్‌పూర్‌కు దగ్గరి తీరమైన దీఘా నీరు బురద నీరు, అక్కడ పగడపు దిబ్బలు లేవు. మన దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. వాటిని అక్కడే బతకనివ్వాలి.

ఈ రసాయనం ఎందుకు తెలియాలి?

పగడాన్ని పెంచనప్పుడు ఈ లెక్కలెందుకని మీరు అడగవచ్చు. ఇప్పుడు సముద్రమే మూసిన గది పక్కనున్న తొట్టెలా అయింది. మనం కాల్చే బొగ్గు, చమురు నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత సముద్రంలో కరుగుతున్నది. పారిశ్రామిక విప్లవం నుంచి ఉపరితల జలాల పి.హెచ్. సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. క్షారత దాదాపు మారలేదు. కాని పగడానికి అవసరమైన కార్బొనేట్ అయాన్లు తగ్గాయి. అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్-2 కృత్రిమ సముద్రంలో క్రిస్ లాంగ్డన్ బృందం లవణాలు మోతాదుగా కలిపి నీటి రసాయనాన్ని మార్చి చూసింది. కార్బొనేట్ తగ్గితే పగడాలు సున్నం పేర్చే వేగమూ తగ్గుతుందని 2000లో ప్రకటించింది. తొట్టెలో మందు వేసే విద్యే ఒక మహాప్రశ్నకు సాధనమయింది. 'సముద్రం ఆమ్లంగా మారుతోంది' అన్న వార్త చదివి, సముద్రం పుల్లబడిందని మీ మిత్రులు అనుకుంటే, తప్పు వారిది కాదు. పి.హెచ్.కూ క్షారతకూ తేడా చెప్పని పాఠానిది.

పాఠానికి న్యాయం కూడా చేయాలి. అది చెప్పిన సమీకరణాలు సరైనవే, ఆమ్ల క్షార అంశమాపనం నేర్పిందీ అదే. కావలసింది ఆ రెండింటినీ కలిపే ఒక్క ప్రయోగం. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో మీ ప్రయోగశాలలో చేసి చూడండి. లీటరు శుద్ధ జలంలో 0.2 గ్రాముల వంటసోడా కరిగించి రెండు బీకర్లలో 100 మిల్లీ లీటర్ల చొప్పున తీసుకోండి. ఒకదానిలోకి స్ట్రాతో రెండు నిమిషాలు ఊదండి, పీల్చకండి. పి.హెచ్. కాగితంతో రెండింటినీ పోల్చండి. ఊదిన బీకరులో విలువ తగ్గి కనిపిస్తుంది. ఇప్పుడు మిథైల్ ఆరెంజ్ చుక్కలు వేసి, 0.02 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో రెండింటినీ అంశమాపనం చేయండి. రెండింటికీ సుమారు 12 మిల్లీ లీటర్లే పడుతుంది.

పి.హెచ్. మారింది, క్షారత మారలేదు. ఇందుకు పగడం అక్కరలేదు, ఖరీదైన పరికరం అక్కరలేదు. వచ్చే సంవత్సరం 'నీటి కాఠిన్యత' పాఠం మొదలయ్యే రోజున ఈ ప్రయోగం తరగతిలో చేయిద్దామని మీ ఉపాధ్యాయులను అడగండి. 'క్షారత' అని రాసినచోటల్లా అది ఏ అర్థంలోనో కూడా అడగండి.