మేడారం క్యాసెట్ పాటలను మళ్లీ విందాం

మన సాహిత్య సభల్లో డోలి కోయల కథాగానం మీద పత్రాలు చదువుతారు. పోరాట పాటల మీద పుస్తకాలు వచ్చాయి. కానీ 1990ల నుంచి 2000ల చివరిదాకా వరంగల్ చుట్టుపక్కల ఊరూరా మోగిన మేడారం జాతర క్యాసెట్ల మీద కలం పట్టినవారు అరుదు. ఎవరైనా ప్రస్తావిస్తే "అవి క్యాసెట్ పాటలులే" అని దాటేస్తారు. ఆ పాటలను అంత తేలిగ్గా దాటేయవచ్చా అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఆ పాటలు ఎలా ఉండేవో నేటి పిల్లలకు కొంత చెప్పాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమికి జరుగుతుంది. 1996లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. జాతర దగ్గర పడుతుందనగానే బజారులోకి కొత్త క్యాసెట్లు దిగేవి. కీబోర్డు, రిథం ప్యాడ్, వాటితో కలిసి డప్పు, ముందు ఒక గొంతు, వెనక కోరస్. ఎదురుకోళ్లు, బంగారమని పిలుచుకునే బెల్లం, జంపన్నవాగు స్నానం, శివసత్తుల పూనకం వాటిలోని వస్తువు. జీపులో అదే పాట, కిరాణా కొట్టులో అదే పాట, మైకులో అదే పాట. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి యూట్యూబ్ వచ్చింది. పాట మాత్రం ఆగలేదు.

ఈ పాటలను మూడు వైపుల నుంచి తోసేశారు. శాస్త్రీయ సంగీతం తెలిసినవారికి అది మోటు మోత. ఉద్యమ పాటకు అలవాటు పడినవారికి అది జనాన్ని జోకొట్టే భక్తి. మన ఆదివాసీ రచయితలకు, అధ్యాపకులకు అది మన పాటే కాదు, మన వేల్పును అమ్ముకునే వ్యాపారం. మొదటి రెండు విమర్శలను పక్కన పెట్టవచ్చు. మూడోదానికి జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది.

డోలి కోయలు కథ చెప్పేటప్పుడు పడిగె విప్పుతారు. ఆ గుడ్డ మీద బొమ్మలు ఉంటాయి. ఆ కథలో సమ్మక్క ఒక వంశపు ఆడబిడ్డ. ఆమె ఎవరి బిడ్డ, ఏ గట్టులో పుట్టింది, ఏ గట్టుకు కోడలైంది, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నదే అక్కడ ప్రధానం. ఆ కథ వింటే కోయ పిల్లవాడికి తన గట్టు ఏదో, తాను ఎవరిని పెళ్లాడవచ్చో, ఎవరిని పెళ్లాడకూడదో కూడా తెలుస్తుంది. క్యాసెట్‌లో ఈ చుట్టరికాలు లేవు. అక్కడ సమ్మక్క వరాలిచ్చే అమ్మవారు, వనదేవత, శక్తి అవతారం. మేడారం గద్దె మీద విగ్రహం ఉండదు. కంకవనం ఉంటుంది, కుంకుమ భరిణె వస్తుంది. క్యాలెండర్ బొమ్మ మాత్రం ఆమెను పులి మీద కూర్చోబెట్టింది, పాట ఆ బొమ్మ వెంటే నడిచింది. కోయ భాష కూడా వాటిలో దాదాపు వినిపించదు. కాబట్టి మన పెద్దలకు కోపం వచ్చిందంటే అది ఊరికే వచ్చింది కాదు.

అయితే కోపంతో చెవులు మూసుకున్నప్పుడు కొన్ని సంగతులు వినబడకుండా పోయాయి.

మొదటిది కప్పం. కరువొచ్చింది, పంట లేదు, కప్పం కట్టలేమన్నారు, కాకతీయ ప్రతాపరుద్రుని సేన అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం విడిచాడు, ఆ వాగు జంపన్నవాగైంది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయింది. ఈ కథ పాటగా, బుర్రకథగా, ఒగ్గుకథగా టేపుల్లో తిరిగింది. ఇది ఏ ఊళ్లో మోగిందో ఒకసారి ఆలోచించండి. వరంగల్‌లో బడి పుస్తకం నుంచి కూడలి దాకా అంతా కాకతీయుల గొప్పే. వేయిస్తంభాల గుడి, కీర్తి తోరణం, చెరువులు, రుద్రమదేవి. ఆ గొప్ప అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఆ చెరువుల రాజ్యానికి కప్పం కట్టిన అడవి సంగతి ఏ పాఠంలో ఉంది? ఓరుగల్లు నడిబజారులో ఓరుగల్లు రాజునే తప్పుపట్టిన పాట క్యాసెట్‌లోనే మోగింది. చదువు రాని రైతుకూలీ, బస్సు డ్రైవర్, బీడీలు చుట్టే అక్క, వీళ్లలో చాలామందికి ఒక కోయ తల్లి రాజసేనతో తలపడిందని తెలిసింది ఆ టేపుల వల్లే.

ఆ పదును చివరిదాకా నిలవదన్నది కూడా చెప్పాలి. చాలాచోట్ల కథ ముగింపులో రాజు పశ్చాత్తాపపడి భక్తుడైపోతాడు. కప్పం అడిగినవాడే మొక్కు చెల్లిస్తాడు. అక్కడ యుద్ధం ఆరిపోయి అగరుబత్తి వెలుగుతుంది. విమర్శకుడు పట్టుకోవాల్సిన చోటు అదే. పాట మొత్తాన్ని పారేస్తే ఈ మలుపు ఎక్కడ వచ్చిందో, ఎవరికి అవసరమై వచ్చిందో అడిగే వీలు కూడా పోతుంది.

రెండోది ఊర్ల పేర్లు. కన్నెపల్లి, పూనుగొండ్ల, కొండాయి, చిలకలగుట్ట. ఇవి ఉత్త పేర్లు కావు. కన్నెపల్లి నుంచి సారలమ్మను కాక వంశం వడ్డెలు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును పెనక వంశం వడ్డెలు, కొండాయి నుంచి గోవిందరాజును దబ్బగట్ల వంశం వడ్డెలు తీసుకొస్తారు. వేర్వేరు ఊర్లలో ఉన్న వేల్పులు ఒక్కచోట కలవడమే జాతర. క్యాసెట్ పాట వంశాల పేర్లు వదిలేసినా ఊర్ల పేర్లను వదల్లేకపోయింది. ఊరి పేరు నిలిచినచోట వంశం పేరు మళ్లీ రాసుకోవచ్చు.

మూడోది యాస. సినిమాలో తెలంగాణ మాటను నౌకరుకో, రౌడీకో, హాస్యగాడికో ఇచ్చిన రోజులవి. ఈ పాటల్లో ఆ మాట తల్లితో మాట్లాడింది. అడిగింది, అలిగింది, నిలదీసింది. తర్వాత ఉద్యమకాలంలో యాసకు గౌరవం వచ్చిందని రాసేవారు ఈ పాటలను లెక్కలోకి తీసుకోరు.

మన దగ్గరే కాదు, బయట కూడా ఇలాగే జరిగింది. 1993లో పీటర్ మాన్యుయెల్ 'క్యాసెట్ కల్చర్' అనే పుస్తకం రాశాడు. చవక క్యాసెట్ వచ్చాక ఉత్తర భారతంలో పాటల మీద పెద్ద కంపెనీ పట్టు ఎలా సడలిందో, చిన్న చిన్న ప్రాంతాల పాటలకు ఎలా దారి దొరికిందో అందులో చూపించాడు. అల్జీరియాలో రాయ్ పాటను పెద్దమనుషులు బూతు పాటని ఈసడించారు. అది కూడా క్యాసెట్ల మీదే పాకింది. 2022లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్తింపు బయటి నుంచి వచ్చేదాకా మనం ఆగాల్సిన పని లేదు.

ఇక అసలు లెక్క ఒకటి తేలాల్సి ఉంది. కవరు మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, గాయకుల పేర్లు ఉంటాయి. ఆ కథను ఇన్ని తరాలు గొంతులో మోసిన డోలి కోయల పేరు కోసం భూతద్దం పెట్టి వెతకాలి. సకిని రామచంద్రయ్య లాంటి కళాకారులు ఆ క్యాసెట్ల కాలంలోనూ సమ్మక్క సారలమ్మల కథ పాడుతూనే ఉన్నారు. ఆయనకు పద్మశ్రీ 2022లో వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒకవైపు పాడేవారు తగ్గిపోతున్నారు, మరోవైపు టేపులకు బూజు పడుతోంది. యూట్యూబ్‌లోకి ఎక్కిన పాటలకు కవరు కూడా ఉండదు, రాసినవారి పేరూ పోతుంది. తండాల్లో గోర్‌బోలి పాటల క్యాసెట్లదీ ఇదే గతి.

అందుకే ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో ఒక పీరియడ్ ఇవ్వండి. ఒక పాత జాతర పాట వినిపించి పిల్లలతో మూడు గడులు గీయించండి. పాటలో వచ్చిన మనుషుల, ఊర్ల, వాగుల పేర్లు మొదటి గడిలో రాయాలి. ఆ పేర్ల గురించి ఇంట్లో అవ్వతాతలు, ఊళ్లో వడ్డెలు ఏం చెబుతారో అడిగి రెండో గడిలో రాయాలి. రెండింటికీ తేడా ఎక్కడ ఉందో మూడో గడిలో రాయాలి. ఆ మూడో గడే మన చరిత్ర పాఠం అవుతుంది. వాటి కింద కోయ భాషలో ఒక్క వాక్యమైనా తెలుగు లిపిలో రాయించండి.

పాటలు చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. మీ డీజే పాటను కూడా ఎవరో ఒకరు "యూట్యూబ్ పాటలే" అంటారు. అన్నా ఆగకండి. కానీ రాజు భక్తుడైన దగ్గర కథ ముగించకండి. గట్టు పేరు, వంశం పేరు పాటలోకి తీసుకురండి. కథ చెప్పిన పెద్దమనిషి పేరు వీడియో కింద మొదటి వరుసలో వేయండి, వచ్చిన డబ్బులో వారి వాటా వారికివ్వండి.

సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అది ములుగులోనే ఉంది. ఆ పేరు పెట్టుకున్న చోట పడిగెతో పాటు ఈ క్యాసెట్లకూ ఒక అర ఉండాలి. అప్పటిదాకా వాటిని ఇంటి అటక మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, కవరు మీద ఉన్న పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుందాం. వచ్చే జాతర లోపు ప్రతి ఊళ్లో ఒకరు ఆ పని మొదలుపెట్టినా చాలు.