నిలదీసే విద్య

ఆనకట్టకు ఆయన పేరు, విశ్వవిద్యాలయానికి ఆయన పేరు, పులుల అభయారణ్యానికీ ఆయన పేరే. పేర్లు పెట్టడంలో మనం ఏ లోటూ చేయలేదు. ఇంతకీ ఆచార్య నాగార్జునుడు ఏం చేశాడయ్యా అంటే మాత్రం "ఏదో శూన్యవాదం..." అని నీళ్లు నమిలేవాళ్లే ఎక్కువ. ఇనుమును బంగారం చేశాడని కథలు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ రసవాద సిద్ధుడు వేరు, ఈయన వేరు అన్నది పండితుల మాట. ఈయన పని బంగారం చేయడం కన్నా కష్టమైనది. కళ్లెదుట ఉందని మనం ధీమాగా నమ్మే ప్రతిదాన్నీ నిలబెట్టి ప్రశ్నించాడు.

కాలం క్రీ.శ. 2-3 శతాబ్దాలంటారు. కృష్ణాతీరంలో శ్రీపర్వతం మీద ఉన్నాడని, శాతవాహన రాజుకు మిత్రుడని సంప్రదాయం. ఆ లెక్కలు చరిత్రకారులు తేల్చుకుంటారు. నాకు కావలసింది ఆయన రాసిన మూలమధ్యమకకారిక. 27 ప్రకరణాలు, సుమారు 450 శ్లోకాలు (కారికలు). ఒక్క శ్లోకమైనా ఊరికే వేసింది కాదు.

రెండో ప్రకరణమే తీసుకోండి. ఒకడు గుంటూరు నుంచి అమరావతికి నడుస్తున్నాడనుకుందాం. నడిచేసిన దారిలో నడక ఉందా? లేదు, అది అయిపోయింది. నడవబోయే దారిలో? అక్కడింకా మొదలే కాలేదు. "ఇప్పుడు నడుస్తున్న చోట ఉంది కదా" అని ఎదుటి పక్షం వాదించే పూర్వపక్షి ఊపిరి పీల్చుకుంటాడు. సరిగ్గా అక్కడే దొరికిపోతాడు. నడిచిందీ నడవందీ తీసేస్తే ఆ చోటు ఎక్కడ మిగిలింది? పోనీ, మిగిలిందనే అనుకుందాం. దాన్ని 'నడుస్తున్న' చోటు అనడానికి ఒక నడక కావాలి. అందులో జరుగుతోందంటున్న నడక మరొకటి. రెండు నడకలుంటే నడిచేవాళ్లూ ఇద్దరుండాలి. బయల్దేరింది ఒక్కడు, తేలింది ఇద్దరు! ఇలా 25 శ్లోకాల్లో నడక, నడిచేవాడు, బయల్దేరడం, ఆగడం ఒక్కొక్కటే ఆయన చేతిలో విడిపోతుంటే చదువుతున్న మనకు చెమట పడుతుంది.

అలాగని అమరావతికి ఎవరూ చేరరని ఆయన అనడం లేదు. నడిచేవాడు లేని నడక లేదు, నడక లేకుండా నడిచేవాడూ లేడు. ఒకదాని ఆసరాతో ఒకటి ఉంది. ఎవరి ఆసరా లేకుండా తనంతట తాను ఉన్న వస్తువు ఒక్కటి చూపించమంటాడు, అంతే. పద్దెనిమిది వందల ఏళ్లుగా ఆ సవాలు అలాగే ఉంది. అలా తనంతట తాను ఏదీ లేకపోవడమే ఆయన చెప్పే శూన్యత.

పనితనమంతా ఎక్కడుందంటే, ఆయన సొంత సిద్ధాంతమేదీ పందెం ఒడ్డడు. ఎదుటివాడి మాటే తీసుకుని దాన్ని కొసదాకా లాగుతాడు. ఆ పద్ధతినే ప్రసంగం అంటారు. ఉంది, లేదు, ఉండీ లేదు, రెండూ కాదు: తప్పించుకోవడానికి ఉన్న నాలుగు దారులూ మూసేస్తాడు. "అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమేగా, అది దేన్ని ఖండిస్తుంది?" అని అడిగితే తడుముకోడు. నాకు ప్రతిజ్ఞే (నిలబెట్టాల్సిన ప్రతిపాదనే) లేదు, దోషం ఎవరికి అంటాడు.

ఈ జవాబు ఉన్నది ఆయన మరో గ్రంథం విగ్రహవ్యావర్తనిలో. 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని షాలు మఠంలో దాని సంస్కృత ప్రతిని పట్టుకోకపోతే మనకు చైనా, టిబెట్ అనువాదాలే దిక్కయ్యేవి. అందులోనే ఇంకో ప్రశ్న: ప్రమాణాల (ప్రత్యక్షం, అనుమానం లాంటి జ్ఞానసాధనాల) వల్ల వస్తువులు తెలుస్తాయి సరే, ప్రమాణాలు దేనివల్ల తెలుస్తాయి? దీపం ఇతరాలను వెలిగించినట్టే తననూ వెలిగించుకుంటుంది కదా అంటారు నైయాయికులు, అంటే న్యాయశాస్త్రవాదులు. నాగార్జునుడి ఎదురు ప్రశ్న: దీపం ఉన్నచోట చీకటి ఎప్పుడుంది, వెలిగించుకోవడానికి? చీకటిని తాకకుండానే పోగొడుతుందంటే, ఇక్కడి దీపం లోకాలన్నిటి చీకటినీ పోగొట్టాలే! వాదంలో ఇంత హాస్యం ఇంకెక్కడా చూడలేదు నేను.

ఈ విద్యకు వారసుల తగాదా కూడా ఉంది. కారికలకు వ్యాఖ్య రాసిన బుద్ధపాలితుడు నాగార్జునుడి పద్ధతిలోనే ఖండించి ఊరుకున్నాడు. అది చాలదు, సొంత అనుమానవాక్యాలు (హేతువుతో కూడిన తర్కవాక్యాలు) పెట్టాలన్నాడు భావవివేకుడు. చంద్రకీర్తి వచ్చి బుద్ధపాలితుడి పక్షాన నిలిచాడు. భావవివేకుడు అమరావతి దగ్గరి ధాన్యకటకంలో ఉన్నాడని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు కాబట్టి ఆయన మనవాడే. అయినా నా ఓటు చంద్రకీర్తికే. రాజు మిలిందుడితో భిక్షువు నాగసేనుడు మొదలుపెట్టిన, రథం అంటే దాని భాగాల్లో ఏది అనే ప్రశ్నను ఏడు విధాల విప్పి చూపిన మొనగాడు ఆయన.

ఇంతటి విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. టీవీ చర్చల్లో నలుగురు ఒకేసారి అరుస్తారు, ఎదుటివాడి వాక్యం పూర్తిగా విన్నవాడు ఒక్కడుండడు. వినకుండా ఖండనేమిటి? క్వాంటం ఫిజిక్స్‌ను నాగార్జునుడు ముందే చెప్పేశాడంటూ రీల్స్ చేసేవాళ్లు ఇంకో రకం. ఒక్క కారిక విప్పమనండి చూద్దాం. "అంతా శూన్యం, ఏం చేస్తే ఏముంది" అనే సోమరి వేదాంతం అన్నిటికన్నా హీనం. శూన్యతను తప్పుగా పట్టుకోవడం పామును తప్పుగా పట్టుకోవడమేనని ఆయనే హెచ్చరించాడు. ఇక బళ్లో పిల్లవాడు "అంటే ఏమిటి సార్?" అని రెండోసారి అడిగితే అధికప్రసంగి. ఆ ఒక్క ప్రశ్న మీద బతికినవాడి పేరు మన ఆనకట్టకు!

విశ్వవిద్యాలయాలకూ ప్రచురణకర్తలకూ నా మనవి ఒకటే. ఉత్సవాలు తగ్గించి, పూర్వపక్షాన్ని గుండెనిబ్బరంతో వివరించే తెలుగు టీకతో కారికలను చవకగా ప్రతి గ్రంథాలయానికీ చేర్చండి. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లే మిత్రులారా, వెళ్లేముందు రెండో ప్రకరణం చదవండి. తోడుగా ఒక స్నేహితుణ్ని తీసుకెళ్లి, నడక ఉందనే పక్షాన వాదించమనండి. తేలిగ్గా ఒప్పుకునేవాణ్ని మాత్రం తీసుకెళ్లకండి.