అశ్వలక్షణము – అశ్వపోషణము: తెలుఁగు వాఙ్మయమున నొక లోపము

తెలుఁగు కావ్యములలో గుఱ్ఱమునకుఁ గొదవ లేదు. దండయాత్రను వర్ణించిన కవి గుఱ్ఱమును వర్ణింపక మానలేదు. వేఁటను వర్ణించిన కవియు నంతియే. దాని జవము, మెడ వంపు, గిట్టల దెబ్బకు లేచిన ధూళి మనకుఁ గంఠస్థములు. అయినను ఆ గుఱ్ఱములన్నియుఁ బెరిఁగి పెద్దవైన పిమ్మటనే కావ్యములోనికి వచ్చుచున్నవి. అవి యెవరి యింటఁ బుట్టినవి? ఎవరు మేపిరి? తొలిసారి త్రాడు వేసి నడక నేర్పిన వా రెవరు? ఈ ప్రశ్నలకు మన కావ్యములు అరుదుగాఁ గాని బదులు చెప్పవు. ఈ మౌనమునకుఁ గల కారణమును, దానివలన మన భాషాపరిశోధనకుఁ గలిగిన నష్టమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా శాస్త్రమును జూతము. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుని మూలపురుషునిగాఁ జెప్పుట సంప్రదాయము. నకులుని పేర, జయదత్తుని పేర సంస్కృత గ్రంథములు కలవు. వరాహమిహిరుఁడు బృహత్సంహితలో అశ్వలక్షణమునకు ఒక యధ్యాయము నిచ్చెను. పండ్రెండవ శతాబ్దినాఁటి మానసోల్లాసమున సోమేశ్వరుఁడును ఈ విషయమును స్పృశించెను. తెలుఁగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును పద్యకృతిగా రచించెను. ఈ గ్రంథములలో ప్రధానముగాఁ గన్పట్టునది లక్షణము. ఏ సుడి యే తావున నున్న శుభము, ఏ వన్నె మేలు, ఏ మచ్చ కీడు అను విచారము వానిలో విరివిగా నుండును.

లక్షణము చూచువాఁ డెవఁడు? కొనువాఁడు. తన యింటఁ బుట్టిన పిల్లకు నుదుట సుడి చెడ్డదైనంతమాత్రమున రైతు దానిని విడిచిపెట్టఁడు. పదిమంది వర్తకులు పది గుఱ్ఱములను దెచ్చి నిలిపినపుడు ఒక్క చూపులో మేలైనదానిని ఏఱుకొనవలసినవానికే సుడుల పట్టిక యక్కఱకు వచ్చును. కావున లక్షణగ్రంథములను కొనుగోలుదారు కరదీపికలుగాఁ జదువవచ్చునని మా యభిప్రాయము. దీనికొక యాక్షేపము కలదు. శాలిహోత్ర సంప్రదాయమున చికిత్సయు, ఆహారనియమమును, ఋతుచర్యయుఁ జెప్పఁబడినవి. బృహత్సంహితలోనే పండ్లనుబట్టి వయస్సును గుర్తించు విధ మున్నది. ఈ యాక్షేపము సత్యమే. అయినను ఆ చికిత్సయు రాజుగారి లాయములోని చికిత్స. ఇంటి పెరటిలో ఈనిన గోడిగను గూర్చిన మాట అందు మిక్కిలి తక్కువ.

ఈ దృష్టి యూరక పుట్టినది కాదు. దక్షిణాపథమున యుద్ధాశ్వము చాలవఱకు సముద్రము దాఁటివచ్చిన సరకు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతిని జెప్పుచు, రేవులను బాగుచేసి గుఱ్ఱములు, ఏనుఁగులు, రత్నములు, చందనము, ముత్యములు మున్నగునవి దిగుమతి యగునట్లు వాణిజ్యమును బెంచవలయునని కృష్ణదేవరాయలు నుడివెను. దూరద్వీపములనుండి ఏనుఁగులను, గుఱ్ఱములను దెచ్చు వర్తకులకు ఊళ్లను, మంచి యిండ్లను ఇచ్చి, కొలువున గౌరవించి, ఆ సరకు పగవారికిఁ జేరకుండఁ జూచుకొనవలయుననియు నచటనే కలదు. రాయలు ఏఁటేఁట పదుమూఁడువేల గుఱ్ఱములను గొనుచుండెననియు, అందు హొర్ముజునుండి వచ్చినవియు దేశవాళీవియు నుండెననియు పోర్చుగీసు వర్తకుఁడు నూనిజు వ్రాసెను. ఈ రాయలే 1516లో కళింగ దండయాత్ర సందర్భమున మా విశ్వవిద్యాలయమునకుఁ జేరువనున్న సింహాచలమును దర్శించి కానుకలు సమర్పించినట్లు శాసన మున్నది.

అంతకు రెండు శతాబ్దులకుఁ బైగా ముందు మార్కోపోలో మాబారు తీరమును గూర్చి వ్రాయుచు, అచట గుఱ్ఱములను సంరక్షించు నేర్పరులు లేక అవి చచ్చుచున్నవనియు, మేలుజాతి జంటకుఁ బుట్టిన పిల్లయు వంకరకాళ్లతో కొఱగాక పోవుననియుఁ జెప్పెను. ఇది యొక బాటసారి మాట. ఆ యెగుమతివలన లాభపడిన వర్తకుల మాట కూడ దీనిలోఁ గలసియుండవచ్చును. అయినను కొనుటయే గాని పెంచుట లేదను భావము రాజాస్థానములందు నిలిచినదనుటకు ఆముక్తమాల్యదయే సాక్ష్యము. రాజనీతిలో రేవు కలదు, వర్తకుఁడు కలఁడు, వెల కలదు. గుఱ్ఱపుపిల్లను బెంచు కాఁపు లేఁడు.

ఇఁక కావ్యములకు వత్తము. శృంగారనైషధమున నలుఁడు గుఱ్ఱమెక్కి యుద్యానమునకు వెడలును. ఆ గుఱ్ఱము నలుని శోభలో నొక భాగము. మహాభారతమున నలోపాఖ్యానమందలి నలుఁడు వేఱు. దీనిని తెలుఁగు చేసినవాఁడు నన్నయ. రాజ్యము కోల్పోయి రూపము మాఱిన నలుఁడు బాహుకుఁడై ఋతుపర్ణుని లాయమునఁ జేరెను. విదర్భకు ఒక్క దినమునఁ బోవలసివచ్చినపుడు అతఁడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱెను. ఋతుపర్ణుఁడు సందేహించెను. రాజు కన్ను బలిసిన మేనిని జూచినది. లాయమున నిలిచినవాని కన్ను దమ్మును, జాతిని, స్వభావమును జూచినది. మూలభారతమున ఇంకను రెండు సూక్ష్మాంశములు కలవు. రాజు రథమెక్కఁగనే ఆ గుఱ్ఱములు మోకాళ్లపైఁ బడెను; నలుఁడు వానిని లాలించి నిలిపెను. కుండినమునకుఁ జేరిన పిమ్మట రాజు సత్కారములు పొందుచుండఁగా, బాహుకుఁడు గుఱ్ఱములను విప్పి, శాస్త్రప్రకారము పరిచర్య చేసి, వానిని ఊఱడించి, ఆ తరువాతనే తాను రథముపైఁ గూర్చుండెను. పరుగును వర్ణింపనివారు లేరు. పరుగు ముగిసిన పిమ్మట గుఱ్ఱమున కేమి చేయవలయునో యెఱిఁగి వ్రాసిన వాక్యము అరుదు. అశ్వహృదయమను విద్యకు నిదర్శనము ఉత్తరీయము జాఱిపడిన యోజనదూర వేగమునందుఁ గంటె ఈ పరిచర్యయందే మాకుఁ గన్పట్టుచున్నది.

రెండవ ఉదాహరణము విరాటపర్వమున నున్నది. నకులుఁడు తిక్కన భారతమున దామగ్రంథి యను పేర విరటుని కొలువునఁ జేరెను. అతఁడు తన విద్యను జెప్పుకొనిన తీరు మూలమున గమనింపఁదగినది. గుఱ్ఱముల స్వభావ మెఱుఁగుదును, వానికి శిక్షణ నిత్తును, దుడుకువానిని దారికిఁ దెత్తును, రోగమునకు మందిత్తును అని యతని మాటల సారాంశము. స్వభావము, శిక్షణము, దిద్దుబాటు, చికిత్స అను నీ నాలుగును పోషకుని విద్యలు. ఇందు సుడుల ప్రసక్తియే లేదు.

ఈ రెండు కథలను గలిపి చూచినపుడు ఒక విశేషము బయలుపడును. బాహుకుఁడును, దామగ్రంథియు వేషధారులైన రాజవంశజులు. రాజు సేవకుఁడైనపుడుగాని లాయము లోపలిభాగము మన కావ్యమునఁ గన్పడదు. పుట్టుకచే సూతుఁడైన వార్ష్ణేయుఁడు ఆ రథముపైనే యుండెను. కాని బాహుకుని నేర్పును జూచి యాశ్చర్యపడుటకే కథలో నుండెను. తరతరములుగా గుఱ్ఱములతోఁ గలసి బ్రతికినవాని విద్య, అజ్ఞాతవాసము చేయుచున్న రాజునోటఁగాని వినఁబడదయ్యెను. ఇది కవుల దోషమని మే మనము. కావ్యమునకు నాయకుఁడు కావలెను. ఆనాఁటి నాయకుఁడు గుఱ్ఱపుకాఁపరి కాఁజాలఁడు. అయినను దోషము కానిదియు లోపమే కావచ్చును.

ఈ లోపము పదసంపదయందును గానవచ్చును. స్వారికి సంబంధించిన పరికరమునకు మనకు రెండు మూఁడు పొరల పేళ్లు కలవు. అంకవన్నె యున్నది, రికాబు వచ్చినది. పల్లమున్నది, జీను వచ్చినది. ఖలీనము, కళ్లెము, లగాము మూఁడును గలవు. ఒక్కొక్క సైన్యముతో ఒక్కొక్క పొర వచ్చి చేరినది. గుఱ్ఱమునకే వారువము, మావు, జక్కి, తేజి, తట్టువ మున్నగు పేళ్లెన్నియో కలవు. పశువులను జూడుఁడు. లేఁగ, దూడ, పెయ్య, కోడె, ఆఁబోతు అని వయోభేదమును, లింగభేదమును దెలుపు మాటలు ప్రతి పల్లెలో వినవచ్చును. గుఱ్ఱమునకో, గోడిగ యను నొక్క మాటను మినహాయించిన, బాల్యమును దెలుపుటకు గుఱ్ఱపుపిల్ల యనియో, సంస్కృతమున కిశోర మనియో చెప్పుకొనవలసివచ్చుచున్నది. ఏ జంతువును జాతి తన పెరటిలోఁ బెంచెనో దాని పసితనమునకే పెక్కు పేళ్లు పుట్టును. ఈ యసమానతయే మా వాదమునకు బలమైన యాధారము.

సామెతలు మాత్రము కావ్యములు విడిచినదానిని గొంత పట్టుకొన్నవి. గుఱ్ఱపుపిల్లకు గుగ్గిళ్లు తిన నేర్పవలయునా యను సామెతలో పిల్లయుఁ గలదు, మేఁతయుఁ గలదు. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదను సామెత పోషించువాని నిట్టూర్పు. ఇది సుడులు లెక్కించువాని మాట కాదు. ఉలవలు కొలిచి పోసినవాని మాట.

అట్టివారు నేఁటికిని మనకుఁ జేరువలోనే యున్నారు. విశాఖపట్టణమన రేవును, ఉక్కు కర్మాగారమును దలఁచుదుము. ఇచట గుఱ్ఱమన్నచో సముద్రతీరమున పిల్లల నెక్కించుకొని తిరుగు గుఱ్ఱము జ్ఞప్తికి వచ్చును. కాని పడమటి కొండలపై, 2022 వఱకు విశాఖజిల్లాలో భాగమై యిపుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరిన పాడేరు, చింతపల్లి, అనంతగిరి ప్రాంతములందు, గుఱ్ఱము కుటుంబపు ఆస్తి. బాట లేని యూళ్లకు బియ్యము, ఉప్పు దానిపైనే యెక్కును. కాఫీ, మిరియములు దానిపైనే సంతకు దిగును. బైలదిల్లా యినుపరాయి రేవునకు దిగుటకు 1960వ దశకముననే ఈ కొండలమీఁదుగా రైలుదారి పడినది. కొన్ని పల్లెలకు నేఁటికిని గుఱ్ఱపుబాటయే దారి. ఈ తట్టువలకు సుడుల పరీక్ష యక్కఱలేదు. బరువుతో ఏటవాలు దిగుట, వాఁగులో బెదరకుండుట, ఇంటి గొంతును గుర్తించుట వీని లక్షణములు.

ఇంట గుఱ్ఱమును బెంచుట యెంత యోపికయో ఆలోచింపుఁడు. గోడిగ చూలు మోయుకాలము దాదాపు పదునొకండు నెలలు. పిల్ల పుట్టిన గంట రెండు గంటలలోపలనే లేచి నిలుచును. పాలు మఱచుటకు ఆఱు నెలల దాఁక పట్టును. ఎముక గట్టిపడి పూర్తి బరువు మోయుటకు మూఁడు నాలుగేండ్లు కావలెను. అంతవఱకు ఆ కుటుంబము దానికి మేఁత వెదకుచునే యుండవలెను. ఇన్నేండ్ల సహవాసమున ఒక్కొక్క దశకు, ఒక్కొక్క రోగమునకు, మూట కట్టు విధమునకు, అదలింపునకు, బుజ్జగింపునకు మాటలు పుట్టకుండునా? ఆ మాటలు తెలుఁగులోనే యుండునని మనము భ్రమపడరాదు. ఆ కొండలలో తెలుఁగుతోపాటు కువి, ఆదివాసీ ఒడియా మున్నగు భాషలును వ్యవహారమున నున్నవి. గుఱ్ఱము భాషల సరిహద్దులను దాఁటి సంతకుఁ బోవును. దానితో మాటలును బోవును.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములను పల్లెపల్లెనుండి సేకరించి, నిఘంటువు తాళపత్రమునుండియే కాక పొలమునుండియుఁ బుట్టవచ్చునని నిరూపించినది. ఆ పద్ధతినే కొండగుఱ్ఱపు పోషణమునకు వర్తింపఁజేయవలయునని మా మనవి. పిల్ల యొక్క వయోదశలకు, వన్నెలకు, నడకలకు, మేఁతలకు, జబ్బులకు గల పేళ్లను, ఏ భాషలో విన్నదానిని ఆ భాషలోనే, చెప్పినవారి యనుమతితో వ్రాసికొనవలెను. ఆ పట్టికను లక్షణగ్రంథముల పక్కన నుంచి చదివిననాఁడు, ఏది శాస్త్రమునుండి జనులకు దిగినది, ఏది జనులనుండి శాస్త్రమునకు ఎక్కినది అను ప్రశ్నకు సాక్ష్యముతోఁ గూడిన సమాధానము లభింపఁగలదు.

ఒక్క మాట చెప్పి ముగింతుము. ఆ పల్లెలవారు బాట కావలయునని గుఱ్ఱములతోనే యూరేఁగి యడిగిన సందర్భములు కలవు. వారి కోరిక న్యాయమైనది. పదములు నిలుచుటకై బాట రాకుండవలయునని కోరు పరిశోధకుఁడు పరిశోధకుఁడు కాఁడు. బాట వచ్చును, రావలెను. వచ్చిననాఁడు గుఱ్ఱము లాయమునుండి తొలఁగును. వాల్తేరునుండి పాడేరునకు ఒక్క పూఁట ప్రయాణము. మనము అమరకోశమునుండి అశ్వముయొక్క యైదు ధారలను విద్యార్థులచే వల్లింపించుచునే యున్నాము. ఆ కొండదారిలో మూటతో దిగు గోడిగ నడకకు దాని యజమానురాలు ఏమి పేరు పెట్టినదో యడిగి తెలిసికొనుట యీ యేఁటి విద్యార్థులకైనను సాధ్యమైన పని.